అనసూయ కథ చివర్లో ఒక మాట

నిన్న పొద్దున మా మణికొండ అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. "కర్రీ పాయింట్ ఆంటీ నో మోర్."

కళ్లజోడు లేకుండా చూశాను. కూరలు అయిపోయాయి కాబోలు అనుకున్నాను. ఇంత పొద్దున్నే అయిపోవడమేమిటని విసుక్కున్నాను కూడా.

రెండో మెసేజ్‌లో ఉంది, తెల్లవారుజామున గుండెపోటట.

అయిపోయింది కూరలు కాదు. అనసూయ.

డెబ్బై ఆరేళ్లదాన్ని. చావు కబుర్లు నాకు కొత్త కాదు. ఏడవడానికి ఓపిక కూడా లేదు. కానీ నాకన్నా ఇరవై ఏళ్లు చిన్నది, క్యూ దాటి ముందుకెళ్లిపోవడం మర్యాదేనా?

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. మా సందు చివర, హాస్టళ్ల మధ్య, ఒక్క షట్టర్ కొట్టు ఆమెది. మెడలో ఆఫీసు కార్డులు వేలాడేసుకున్నవాళ్లంతా అక్కడే పప్పూ కూరా కట్టించుకునేవాళ్లు. మధ్యాహ్నం రద్దీ తగ్గాక అనసూయ స్టూలు మీద కూర్చుని ఫోన్‌లో కథలు రాసేది. ఫేస్‌బుక్‌లో పెట్టేది. చదివింది పదో తరగతి.

నేను కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. ఊరుకుంటానా? అక్షరదోషాలు దిద్దే పని నెత్తిన వేసుకున్నాను.

నేను 'సదువు'ని 'చదువు' చేస్తే, ఆమె మళ్లీ 'సదువు' చేసి పోస్ట్ చేసేది.

"నా కథల అత్త గట్ల మాట్లాడదు టీచరమ్మా. మీరు దిద్దితే ఆమె రేడియోల వార్తలు సదివినట్టుంటది."

నా నోరు మూయించినవాళ్లు తక్కువ. అందులో ఈవిడొకతె.

"పుస్తకం వెయ్యవే" అంటే, "పుస్తకమైతే అల్మారాల ఉంటది. ఫోనైతే చేతులనే ఉంటది గద" అనేది.

ఆమె పేజీ తెరుచుకునేలా మా మనవరాలు ఒక క్యూఆర్ కోడ్ చేసిచ్చింది. అనసూయ దాన్ని తీసుకెళ్లి, పైసల కోడ్ పక్కనే అంటించింది.

మొదటిరోజే ఒకమ్మాయి పప్పు కట్టించుకుని, చూడకుండా పక్క కోడ్ స్కాన్ చేసింది. డబ్బు పడినట్టు చెప్పే డబ్బా మోగలేదు. వెనక లైను ఆగిపోయింది.

"ఏందమ్మా, పైసలు పోలేదా?"

"ఆంటీ, ఇది మీరే రాశారా?"

ఆ పిల్ల అక్కడే నిలబడి కథంతా చదివింది. చేతిలో పప్పు చల్లారిపోయింది.

సాయంత్రం అనసూయ నాతో అంది. "పైసలు రాలే గని టీచరమ్మా, మనిషి వచ్చింది."

రెండు కోడ్‌లనూ వేరుచేయమని అందరూ చెప్పారు. చేయలేదు. ఆ పొరపాటే తనకు పాఠకుల్ని తెచ్చిపెడుతోందని ఆమె లెక్క.

తర్వాత ఇంకో దిగులు పట్టుకుంది. "లైకులు మస్తు వస్తున్నయి. సదివినోళ్లు ఎందరో ఎట్ల తెల్వాలె?"

దానికీ ఉపాయం తనే కనిపెట్టింది. ప్రతి కథ చివరా ఒక వంటింటి మాట పెట్టేది. 'ఇక్కడిదాంక వచ్చినోళ్లు కామెంట్ల గోంగూర అని రాయుండ్రి.'

"కథ ముగింపులో గోంగూరేమిటే? రసభంగం!" అని తిట్టాను.

"లైకు దండం అసుంటిది టీచరమ్మా. దూరంకెల్లి గూడ పెట్టచ్చు. కూరల ఏమున్నదో తిన్నోళ్లకే ఎరుక."

ఆ కథకి లైకులు వంద దాటాయి. గోంగూరలు పదకొండు.

ఆ పదకొండుమందికీ విడివిడిగా జవాబిచ్చింది. కొట్లో ఉప్పు గురించి అడిగే మాటే. "సరిపోయిందా?"

ఆ రోజు నుంచి ప్రతి కథ కిందా నేనూ ఆ వంటింటి మాట రాస్తూనే వచ్చాను.

పోయిన వారం పెట్టిన కథ కింద తప్ప.

ఆ రోజు మోకాళ్లు సలుపుతున్నాయి. తర్వాత చూద్దాంలే అని లైకు నొక్కి ఫోన్ పక్కన పడేశాను. మర్నాడు కూరకి వెళ్తే అడిగింది.

"సదివిన్రా టీచరమ్మా?"

"ఆ, బాగుంది" అన్నాను.

చదవకుండా పొగిడేవాళ్లని జీవితమంతా దులిపేసినదాన్ని.

నా పేరు కింద ఆ మాట లేదని ఆమెకు తెలుసు. కామెంట్లన్నీ చూసుకునే మనిషి. నా సంచిలో ఇంకో పొట్లం పెట్టింది. "దోసకాయ పచ్చడి గూడ ఏసిన. తిని సూడుండ్రి."

ఒక్క తిట్టు తిట్టి ఉంటే బాగుండేది.

నిన్న ఆ కథ చదివాను. ఆఫీసు టవర్ అద్దాలు తుడిచే ఒకావిడ కథ. లోపలివాళ్లకి తను కనిపిస్తున్నానో లేదో తెలుసుకోవాలని, రోజూ అద్దం మీద ఒక వేలిముద్ర తుడవకుండా వదిలేస్తుంది. అక్షరదోషాలు రెండున్నాయి. ముట్టుకోలేదు.

చివరి మాట కామెంట్‌లో రాశాను. నా పైనా కిందా అన్నీ RIPలే. కబురు తెలిశాక ఆ మాట రాసినవాళ్లు ఒక్కరూ లేరు.

అలవాటుకొద్దీ జవాబు కోసం చూస్తూ కూర్చున్నాను. స్క్రీన్ ఆరిపోయింది.

కాబట్టి మీకొక విన్నపం. ఆ కథ కింద RIP అని పెట్టకండి. దండాలు చాలు. చదవండి. చివరి మాటేమిటో నన్నడగకండి. ముప్పై ఏళ్లు పరీక్షహాళ్లలో తిరిగినదాన్ని, చిట్టీలు అందించను.

ఆ మాట రాసిన ప్రతివాళ్లనీ "సరిపోయిందా?" అని నేనే అడుగుతాను. మోకాళ్లు పోయినా బొటనవేలు ఇంకా పనిచేస్తోంది.

అనసూయా, ఆలస్యంగానైనా చదివాను.

సరిపోయింది తల్లీ. అన్నీ సరిపోయాయి.

ఇక పొయ్యి కట్టేసి, నిమ్మళంగా నిద్రపో.