గోడవార పెట్టిన మూడు సందేశాలు

ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే కొట్టాల్లో ఒక పద్ధతి ఉంది. బండను ఒకడు పెద్ద ఉలితో చదును చేసి పక్కవాడికి జరుపుతాడు. వాడు గీతలు గీస్తాడు. మూడోవాడు కాళ్లూ చేతులూ తీస్తాడు. ముఖం, కళ్లు పెద్దాయన పని. రాయి తన చేతికి రాగానే ఎవరికి వాళ్లు సుత్తితో తట్టి వింటారు. గంటలా మోగితే మంచి రాయి. మొద్దుగా పలికితే లోపల పగులు ఉన్నట్టు. అయితే పగిలిందని ఎవరూ నోటితో అనరు. విగ్రహం చేయించుకునేవాళ్లు బయటే కూర్చుని ఉంటారు, ఆ మాట వాళ్ల చెవిన పడకూడదు. ఆ రాయిని చప్పుడు లేకుండా గోడవారకు జరిపి, ఇంకోటి అందుకుంటారు.

వీరభద్రాచారి కొడుకు కరుణాకర్ ఈ పని నేర్చుకున్నది తొంభై ఆరులో, ఇంటర్ తప్పాక. దుమ్ముకు దగ్గు వస్తుందని చిన్నప్పుడు తండ్రి అతన్ని కొట్టంలోకి రానిచ్చేవాడు కాదు. రెండేళ్లు చెక్కాడు. అదీ పూర్తి రోజు కాదు. నాలుగు గంటలకు ఉలి కిందపెట్టి, కంప్యూటరు క్లాసుకని నంద్యాల బస్సు ఎక్కేవాడు. తర్వాత నంద్యాలలోనే ఒక ఇంటర్నెట్ సెంటర్లో కుదురుకున్నాడు. గిరాకీ లేని వేళల్లో ప్రోగ్రాములు రాయడం తనంతట తానే నేర్చుకున్నాడు. ఎవరేమి అడిగినా విసుక్కోకుండా చెప్పేవాడు. ఈ ప్రోగ్రాముల గురించి నాకు తెలిసినదంతా అతని పక్కన కూర్చుని విన్నదే.

రెండువేల ఎనిమిదిలో ఒక స్వచ్ఛంద సంస్థ అతన్ని పనిలో పెట్టుకుంది. నల్లమల అంచున ఉన్న ఎనిమిది చెంచు గూడేల్లో స్తంభానికొక పెట్టె బిగించారు. లోపల సిమ్ కార్డు, పైన సోలార్ పలక, ముందు ఒక మీట. కాన్పు కష్టమైనా, పాము కరిచినా ఆ మీట నొక్కితే నంద్యాల ఆఫీసులోని కంప్యూటర్‌కు సందేశం చేరాలి. అది ఆళ్లగడ్డలో ఉండే జీపు డ్రైవర్‌కు ఫోన్ చేయాలి. ఆ మధ్యలో జరగాల్సిన పనంతా కరుణాకర్ రాసిన ప్రోగ్రాముదే.

పెట్టె పంపే సందేశం ఒక్కసారిగా రాదు, తుంపులు తుంపులుగా వస్తుంది. అందుకని పనిని వరసగా నాలుగు హ్యాండ్లర్లకు, అంటే ప్రోగ్రాములోని నాలుగు చిన్న భాగాలకు పంచాడు. మొదటిది తుంపులను పోగుచేసి, అందిందని పెట్టెకు జవాబిస్తుంది. ఆ జవాబుతో పెట్టె మీద పచ్చ లైటు వెలుగుతుంది. రెండోది సందేశంలో ఏముందో చదువుతుంది. మూడోది సందేశం చెడకుండా వచ్చిందో లేదో తెలిపే చివరి అంకెలు సరిపోయాయా అని పరీక్షిస్తుంది. నాలుగోది జీపుకు ఫోన్ చేస్తుంది. కనెక్షన్ కలవడం, సందేశం రావడం, తప్పు దొర్లడం, ఏది జరిగినా అది ఒక సంఘటనే. దాన్ని ఒక హ్యాండ్లర్ పక్కదానికి అందిస్తేనే పక్కదానికి తెలుస్తుంది. అందించకపోతే ఆ తర్వాత ఉన్నవాటికి అసలేమీ జరగనట్టే. మా కొట్టం లాంటిదే అని నవ్వేవాడు.

మొదట్లో ఆ మూడో హ్యాండ్లర్ లేదు. కోతులు వైర్లు లాగితే అడ్డదిడ్డమైన సందేశాలు వచ్చేవి, జీపు ఊరికే అడవికి పోయి వచ్చేది. డ్రైవర్ చంద్ర ఒకరోజు ఆఫీసుకొచ్చి, "అన్నా, ఇంగ కోతులకు గూడా కాన్పులు చేయిస్తాండామా మనం?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ వారమే కరుణాకర్ మూడోదాన్ని రాశాడు. సరిగా మోగని సందేశాన్ని అది ఎవరికీ చెప్పకుండా ఒక ఫైల్లో పడేస్తుంది. ఆ ఫైలుకు 'గోడ' అని పేరు పెట్టుకున్నాడు. జీపు వృథాగా పోవడం మానేసింది. సంస్థ చూసే సురేంద్ర భుజం తట్టాడు.

రెండువేల తొమ్మిది ఆగస్టులో నాలుగు రోజులు ముసురు పట్టింది. అయిదోరోజు పొద్దున ఒక గూడెంలో లక్ష్మన్న భార్య మల్లీశ్వరికి నొప్పులు మొదలయ్యాయి. తొలి కాన్పు, బిడ్డ అడ్డం తిరిగింది. ఆమెను మంచం మీద మోసుకుని రోడ్డు దాకా పోదామని నలుగురు మగవాళ్లు లేచారు. లక్ష్మన్న మీట నొక్కి, పచ్చ లైటు చూసి, జీపు వస్తాదని వాళ్లను ఆపాడు. కాసేపటికి మళ్లీ నొక్కాడు, మళ్లీ వెలిగింది. మూడోసారీ వెలిగింది. మధ్యాహ్నం దాటాక మంచం ఎత్తారు. రోడ్డుకు చేరకముందే తల్లీ బిడ్డా పోయారు.

నంద్యాలకు సందేశమే రాలేదని సంస్థ చెప్పింది. గూడెంలో అందరూ లక్ష్మన్న వైపు చూశారు. మల్లీశ్వరి తల్లి నరసమ్మ అల్లుడితో మాట్లాడటం మానేసింది. మోసేవాళ్లను ఆపింది అతనే. లైటు వెలిగిందని చెప్పిందీ అతనే.

పదో రోజున లక్ష్మన్న రెండు బస్సులు మారి ఆఫీసుకొచ్చాడు. గడప బయటే నిలబడ్డాడు.

"మూడు మాట్లు నొక్కినా సారూ. మూడు మాట్లూ ఎలిగింది. అబద్దం చెప్తాండానని మా యత్త అంటాది. మీ మిషన్లో ఉంటాదంట గదా, సూసి చెప్పండి."

"రాలేదప్పా. వచ్చింటే జీపు రాదా?" అన్నాడు సురేంద్ర. లక్ష్మన్న వెనక్కి తిరిగాడు. అతను మెట్లు దిగిపోయాక కరుణాకర్ 'గోడ' ఫైలు తెరిచాడు. పెట్టి పద్నాలుగు నెలలైంది, తెరవడం అదే మొదటిసారి. మూడూ ఉన్నాయి. పది గంటల పన్నెండు నిమిషాలకు ఒకటి, పది నలభైకి ఒకటి, పదకొండున్నరకు ఒకటి. గూడెం నంబరు స్పష్టంగా ఉంది. ముసురుకు సోలార్ పలకకు ఎండ తగలక, పెట్టెలో చార్జి చాలక, ఒక్కోదానికి చివరి రెండంకెలు తెగిపోయాయి, అంతే.

ఈ చావుల మీద సంస్థ రాసే నివేదికలో ఆ ఫైలు మాట రాయొద్దని సురేంద్ర అన్నాడు. కరుణాకర్ బస్సెక్కి ఆళ్లగడ్డ పోయి తండ్రికి అంతా చెప్పాడు. మన పద్ధతే పెట్టినా నాయనా, అన్నాడు. ముసలాయన చేతిలో ఉలి పక్కనపెట్టాడు.

"గోడవార పెట్టినోడు పొద్దుగూకేలోపల పోయి మళ్లా ప్రతి రాయీ తట్టి సూడల్లరా. చెమ్మ ఆరితే కొన్ని మోగుతాయి. మోగనిదాన్ని ఎవురికి చెప్పల్లో వాళ్లకు చెప్తాం, పక్కకు పిల్చి. ముప్పై ఏండ్లుగా రోజూ చేస్తాండా. నువ్వు సూడలా?"

కరుణాకర్ చూడలేదు. ఆ వేళకు రోజూ బస్సులో ఉండేవాడు.

మర్నాడు ఆ మూడు వరసలు కాగితం మీద అచ్చు తీసుకుని గూడేనికి పోయాడు. లక్ష్మన్న అతన్ని సరాసరి నరసమ్మ గుడిసె ముందుకు తీసుకుపోయి, ఆమె ముందు చెప్పమన్నాడు. కరుణాకర్ చెప్పాడు. ఇతను నొక్కింది నిజం, లైటు వెలిగింది నిజం, సందేశం మా దగ్గరికి చేరింది నిజం. నేను రాసిన ప్రోగ్రామే దాన్ని పక్కన పెట్టింది. నేను పద్నాలుగు నెలలు చూడలేదు.

నరసమ్మ కాగితం వైపు చూసింది.

"ఆ దీపం ఎలగకపోయింటే నా బిడ్డను అప్పుడే ఎత్తుకపోయిందుము. ఎలిగించింది గూడా నువ్వేనా?"

"నేనేమ్మా."

ఆమె లోపలికి పోయి ఒక సత్తు గిన్నెలో అంబలి తెచ్చి, అల్లుడి ముందు పెట్టింది. కరుణాకర్‌ను పొమ్మనలేదు, కూర్చోమనీ అనలేదు. లక్ష్మన్న గిన్నె ముట్టకుండా లేచి, స్తంభం దగ్గరికి నడిచి, దీన్ని పీక్కపో సారూ అన్నాడు. కరుణాకర్ బోల్టులు విప్పాడు. సంచిలో పెట్టెతో పాటు కాగితాన్నీ సర్దుకుంటుంటే లక్ష్మన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"అది ఈడ పెట్టిపో."

సంస్థలో పని వదిలేసే ముందు కరుణాకర్ ప్రోగ్రాము మార్చాడు. ఇప్పుడు తప్పు సందేశం కూడా చివరి హ్యాండ్లర్ దాకా పోయి ఫోన్ మోగిస్తుంది. జీపుతో బయల్దేరానని డ్రైవర్ చెప్పాకే పచ్చ లైటు వెలుగుతుంది. మిగతా ఏడు గూడేల్లో అదే నడిచింది. ఈ గూడెం వాళ్లు మాత్రం పెట్టెను మళ్లీ రానివ్వలేదు. నొప్పులు మొదలైతే చాలు, మంచం ఎత్తుతారు.

ఆ కాగితం లక్ష్మన్న గుడిసెలో చూరుకింద ఉంది. అతనికి చదువు రాదు. గూడేనికి ఎవరు కొత్తగా వచ్చినా దాన్ని తీసి, మూడు వరసల మీదా వేలు పెట్టి చూపిస్తాడు. చూపించి, మళ్లీ మడిచి, అక్కడే దోపుతాడు.