సిమెంటు కట్టులో నా వాంతులు

ఆ రోజుల్లో ఆడపిల్ల చెట్టెక్కడమే తప్పు, ఎక్కి పడటం ఇంకా పెద్ద తప్పు. నేను రెండూ చేశాను. చింతచిగురు కోసం ఎక్కి, కొమ్మతో సహా కిందికొచ్చి వెన్నుపూస చిట్లించుకున్నాను. నిర్మల్ ఊరి సంబంధం ఖాయమై, మావాళ్ళు ముహూర్తం వెతుకుతున్న సమయమది. కరీంనగర్ దవాఖానలో చంకల నుంచి తుంటి దాకా సిమెంటు కట్టు వేసి వెల్లకిలా పడుకోబెట్టారు. (తిరగబడ్డ తాబేలు కనబడితే ఇప్పటికీ మా చుట్టమే అనిపిస్తుంది.)

కట్టు ఆరిందో లేదో వాంతులు మొదలయ్యాయి. "బొక్క అతకాలె బిడ్డా, తాగు" అంటూ మా అవ్వ మేకకాళ్ళ శోర్వ పోసేది, కన్నతల్లి మాట కాదనలేక తాగి, పచ్చగా కక్కేదాన్ని. పొట్ట ఉబ్బి కట్టును లోపలి నుంచి తన్నేది. పక్క మంచం మీది పెద్దమ్మకు మేం పెట్టుకున్న పేరు రేడియో. ఆమె వార్డంతా వినేలా గుసగుసలాడింది. "ఐదు కాన్పులైనదాన్ని, నాకు తెల్వదా? గివి గా వాంతులే! కడుపు కనవడకుంట సిమెంటు ఏయించిన్రు."

అవ్వ నా చెవిలో అడిగింది, "నిజం జెప్పు బిడ్డా, కడుపుల ఏమన్న ఉన్నదా?"

"ఉన్నది, నీ శోర్వ!" అన్నాను. అవ్వ నవ్వలేదు, కొంగుతో కళ్ళొత్తుకుంది. ఆ మాట నిర్మల్ చేరితే సంబంధం పోయినట్టే. నాకు చావు భయం కన్నా ఆ భయమే ఎక్కువైంది.

పెద్ద డాక్టరు వచ్చి కట్టు మీద వేలితో కొట్టి చూశాడు. "కడుపు లేదు, ఏం లేదు. కట్టు బిగిసి, ఎల్లకిల పండి పండి, పేగు ఎన్నుపూస కాడ నలుగుతున్నది. గిట్లనే వదిలేస్తె పాణానికే మోసం. అమ్మా, జర నీ శోర్వ బంద్ జెయ్యి" అన్నాడు. ముక్కులోంచి గొట్టం వేసి, పొట్ట దగ్గర కట్టును కిటికీలా కోసి, నలుగురు కలిసి నన్ను బోర్లా తిప్పారు. మర్నాటికి వాంతులు ఆగిపోయాయి.

పసిబిడ్డ మొదటిసారి బోర్లపడితే మావైపు పోలెలు, అదే బొబ్బట్లు, చేసి పంచుతారు, తొలి అడుగేస్తే అరిసెలు. సంతోషంలో అవ్వకు నా వయసు గుర్తురాలేదు. గంపెడు పోలెలు తెచ్చి మంచం మంచానికీ పంచింది. (నాకు మాత్రం గంజే!) సరిగ్గా అప్పుడే గుమ్మంలో నిర్మల్ నుంచి కాబోయే అత్త! రేడియో వార్తలు అక్కడి దాకా చేరినట్టున్నాయి, ముఖం మాడ్చుకుని వచ్చింది. చేతిలో పోలె పడగానే, "గివెందుకు పంచుతున్నరు? ఎవలకు పుట్టిండు?" అంది.

"ఎవలు పుట్టలే వదినా, నా బిడ్డ బోర్లపడ్డది" అని అవ్వ నవ్వబోయి ఏడ్చేసింది.

అత్త నా మంచం చుట్టూ తిరిగి చూసింది. నేను తలగడలో ముఖం దాచుకున్నాను. ఆమె మాత్రం రేడియో వైపు తిరిగింది. "కడుపుతోటి ఉన్నది గిట్ల పొట్ట మీద పంటదా? నీ తెలివి తెల్లారినట్టే ఉన్నది!" అంటూ పోలె కొరికింది. తర్వాత అవ్వ భుజం మీద చెయ్యి వేసి, "ఏడ్వకు వదినా. పిల్ల అడుగేసిననాడు అరిసెలు నేను తెస్త" అంది.

అన్నట్టే తెచ్చింది. అరిసెలు కావు, రాళ్ళే అనుకోండి. అయినా సిమెంటు కట్టు నడుముతోనే అవ్వ చెయ్యి పట్టుకుని నిలబడి, కరకరా నమిలాను, ఒక్కటీ కక్కలేదు. ఆ తర్వాత నిర్మల్‌లో కాపురమంతా అత్త చేతి ఆ రాళ్ళే తిన్నాను. ఇప్పుడు తలుచుకుంటే, వెన్ను చిట్లినా పొగరు చిట్లని ఆ పిల్ల మీద నాకే ముద్దొస్తుంది.