ఎరుపు చచ్చిన తెర

ఎనభై మూడులో ఇంగ్లండ్‌లోని బోల్టన్‌లో నేనూ నెవిల్ స్కోల్స్ ఒకే గదిలో పనిచేసేవాళ్లం. నాణెం వేసి ఆడే ఆర్కేడ్ యంత్రాల్లోని అంతరిక్ష యుద్ధాల ఆటలను ఇళ్లలోని చిన్న కంప్యూటర్లకు మార్చడం మా పని. అసలు ప్రోగ్రాం ఎవరూ ఇవ్వరు. యంత్రం ముందు నిలబడి ఆడి, చూసిందంతా గళ్ల కాగితం మీద గీసుకోవాలి. మా యజమాని క్రాబ్‌ట్రీ ఒక్క యంత్రం కూడా తెప్పించని పీనాసి. అందుకే నెవిల్ ఆరు వారాలు వీధి చివరి చేపల వేపుడు దుకాణంలోని యంత్రాన్నే చూసి ప్రతి చుక్కా దింపాడు. ఆ తెరలో ఎరుపు ఎప్పుడో చచ్చిపోయిందని, ఎరుపూ ఆకుపచ్చా కలిస్తే రావాల్సిన పసుపు ఉత్త ఆకుపచ్చగా కనిపిస్తోందని మాకెవరికీ తెలియదు.

ఆట అమ్మకానికి వెళ్లాక, పసుపు నౌకలు ఆకుపచ్చగా ఉన్నాయేమిటని దేశమంతటి నుంచీ ఉత్తరాలొచ్చాయి. క్రాబ్‌ట్రీ ఆ కట్టను నెవిల్ మీదికి విసిరాడు.

"గుడ్డివాడివా? పసుపేదో ఆకుపచ్చేదో తెలియదా నీకు?"

"ప్రతి శుక్రవారం ఆ యంత్రం మీదే మోచెయ్యి ఆనించి చేప తింటారు కదా సార్. నా ఆట చూసి అచ్చం అలాగే ఉందని భుజం తట్టిందీ మీరే. అప్పుడు మీ కళ్లెక్కడ పెట్టుకున్నారు?"

క్రాబ్‌ట్రీ అతణ్ణి పనిలోంచి తీసేశాడు. ఆ శుక్రవారం కూడా అదే యంత్రం మీద మోచెయ్యి ఆనించి చేప తిన్నాడు.