కాదనే మనిషి

పోయిన మంగళవారం మా పక్కింటి మామ కన్నుమూశారు. నేను చర్లపల్లిలో డ్యూటీలో ఉండగా ఫోన్ వచ్చింది. నాచారం ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పనిచేసి రిటైరైన మనిషి. మా బస్తీ ఫుట్‌బాల్ జట్టుకు ఇరవై ఏళ్లు కోచ్. ఆయన వెనకాల బంతుల సంచి మోసుకు తిరిగిన అసిస్టెంట్‌ని నేను. ఈ ఆదివారం ఉప్పల్‌లో ఆఖరి మ్యాచ్. గెలిస్తే లీగ్ కప్పు మాది, ఇన్నేళ్లలో మొదటిసారి.

ఆశపడటం నా వంతు, కాదనడం ఆయన వంతు. "ఈసారి మనదే మామా" అంటే, చాయ్ సాసర్‌లో పోసుకుంటూ "మన డిఫెండర్ మోకాలు జూసినవా?" అనేవారు. అన్నీ పుల్లవిరుపు మాటలే. నాకు ఒళ్లు మండేది. కానీ పొద్దున్నే అందరికంటే ముందు గ్రౌండ్‌కు వచ్చి, రాళ్లు ఏరి, సున్నంతో గీతలు వేసేదీ ఆయనే. నమ్మకం లేని మనిషి చేసే పని కాదది.

ఒక ఏడాది పాయింట్లలో మేమే ముందున్నాం. నేను ఆగలేక, మ్యాచ్‌కు ముందే మామ ఫొటో పెద్దగా పెట్టి 'ఛాంపియన్లు' అని ఫ్లెక్సీ కొట్టించాను. ఓడిపోయాం. పైగా వాన. "ఆలు లేదు, సూలు లేదు, కొడుకు పేరు సోమలింగమంట" అని అవతలి జట్టువాళ్లు నవ్వారు. తలెత్తలేకపోయాను. మామ ఆ ఫ్లెక్సీ తిరగేసి ఆటగాళ్ల బ్యాగుల మీద కప్పారు. "ఫొటో మస్తుగొచ్చింది అల్లుడా. జర ఆగి కొట్టియ్యాల్సింది" అన్నారు. ఆ సంగతి మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

గెలుస్తామా అని ఎవరడిగినా ఆయన జవాబు ఒకటే. "సగం నమ్ము, సగం ఉరుకు."

దవాఖానాలో చివరిసారి చూసినప్పుడు ఆయన చెయ్యి పట్టుకుని "కప్పు తెస్తం మామా" అన్నాను. మాస్క్ పక్కకు జరిపి "వాళ్ల స్ట్రైకర్‌ను ఎవడు ఆపుతడు?" అన్నారు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. దాని గురించే ఇంకో పది నిమిషాలు వాదించుకున్నాం.

నిన్న సాయంత్రం ఒక్కడినే ప్రాక్టీసుకు వెళ్లాను. ఆటగాళ్లు బూట్లు కట్టుకుంటున్నారు. కెప్టెన్ తలెత్తి "అన్నా, గెలుస్తమా?" అన్నాడు.

"గెలుస్తం" అన్నాను, అలవాటుగా. అని, కాసేపు ఆగాను. ఎవరూ కాదనలేదు. పదకొండు మందీ నా మాట నమ్మేసి మైదానంలోకి పరుగెత్తారు. నాకెంత భయంగా ఉందో చెప్పుకోవడానికి ఎవరూ లేక, గట్టు మీద నిలబడి వాళ్లనే చూస్తూ ఉండిపోయాను.