తమిళ అక్షరాల్లో తెలుగు కంప్యూటర్ పాఠం

పుదుచ్చేరిలోని సారం పేటలో వీధికొక కంప్యూటర్ సెంటరు వెలుస్తున్న రోజులు. తరతరాలుగా అక్కడే ఉంటున్న తెలుగు కుటుంబాల ఆడవాళ్లకు సాయంత్రం క్లాసులు పెడుతూ, ఒక సెంటరు యజమాని నన్ను పాఠాలు రాసిమ్మన్నాడు. బాగుంటే నా పేరుతో పుస్తకం వేస్తానన్నాడు. యానాం నుంచి వచ్చి, పత్రికలో ఏళ్ల తరబడి ఇతరుల వార్తలు దిద్దినవాణ్ణి. అట్టమీద నా పేరు అప్పటిదాకా చూసుకోలేదు.

చదివేవాళ్లకు ఏమీ తెలియదనుకునే రాశాను. మౌస్ ఎలా పట్టుకోవాలో చెప్పడానికే ఒక పేజీ పట్టింది. ఇంతకంటే కిందికి దిగి ఎవరు రాస్తారనుకున్నాను.

మొదటి రోజు కాగితాలు పంచితే ఎవరూ పేజీ తిప్పలేదు. ముందు వరసలోని పెద్దావిడ తన కాగితాలు నాకే తిరిగిచ్చింది.

"ఏమనుకోబాకు నాయనా. ఇంట్లో మాట్లాడేది తెలుగే. చదివేదానికి మాకెవురికీ రాదు. ఇస్కూల్లో నేర్పింది అరవం కదా."

ఆ క్లాసుకు సాయం చేసే అమ్మాయి వాళ్లలోదే. ఊరి చివర మేట్టుపాళయం పారిశ్రామికవాడలో, ఒక కంపెనీలో టైపిస్టు. వారం తిరిగేసరికి పది కాగితాలు రాసుకొచ్చింది. మాట తెలుగు, అక్షరం తమిళం. "స్విచ్చి యాడుండాదో మొదట చూడు. గోడమీద లేకుంటే మేజ కింద చూడు" అని మొదలు. ఆడవాళ్లు పైకి చదువుకుంటూ, నవ్వుకుంటూ మిషన్లు ఆన్ చేసేశారు. నా పాఠంలో స్విచ్చి ప్రస్తావనే లేదు.

తెలుగులో తన పేరు కూడా రాయలేని మనిషి. నా పాఠాల బదులు ఆమె కాగితాలనే పుస్తకంగా వేస్తానని యజమాని అనేసరికి నాకు ఒళ్లు మండిపోయింది. తెలుగును తమిళ అక్షరాల్లో అచ్చేస్తే నలుగురూ నవ్వుతారని యజమానికి చెప్పి చూశాను. ఆయన వినలేదు. పైగా ఆమె పుస్తకం ప్రూఫులు నాకే ఇచ్చాడు. వచ్చీరాని తమిళంతో మూడు రోజులు తప్పుల కోసం వెతికాను. దొరకలేదు. తిరిగిస్తూ, ఇలాంటి చిన్న పుస్తకాలకు రచయిత పేరు వేసే అలవాటు లేదన్నాను. పత్రికవాణ్ణి కదా, నమ్మాడు.

పుస్తకం వచ్చిన రోజు ఆమె అట్ట చూసింది, లోపలి పేజీ చూసింది, మళ్లీ అట్ట చూసింది.

"అచ్చు బాగొచ్చింది సార్" అంది.

ఆడవాళ్లు మాత్రం దాన్ని అక్క పుస్తకమనే అడిగి తీసుకెళ్లేవారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా కడుపు మండేది. ఇప్పుడు రాస్తుంటే కూడా, కాస్త మండుతూనే ఉంది.