గురవమ్మ పార్సిల్

పదిహేనేళ్లకు పైగా ఈ మాట నా లోపలే ఉంది. నా భార్యకు చెప్పలేదు. పెద్దకూతురికి ఒకసారి చెప్పబోయి, "ఏం లేదులే" అని లేచి వెళ్లిపోయాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ల ముందు నాకు ఇంత నోరు పెగలదు.

నేను దొంగతనం చేయలేదు. ఎవరినీ కొట్టలేదు. ఒక పార్సిల్ కుట్లు విప్పలేదు, అంతే. అంతేనా? కాదు. "అంతే కదా" అని చెప్పుకుంటూనే ఇన్నేళ్లూ నెట్టుకొచ్చాను.

ఆళ్లగడ్డలో, పోస్టాఫీసు పక్క సందులో నాది కుట్టుమిషను. జాకెట్లు, లంగాలు, బడిపిల్లల నిక్కర్లు కుట్టేవాణ్ణి. వాటితో పాటు పార్సిళ్లు. అట్టపెట్టెకు తెల్లగుడ్డ బిగించి, అంచులు చేత్తో కుట్టి, కుట్టు పొడుగునా లక్క కరిగించి ముద్రలు వేయాలి. ఈ పనిలో నన్ను మించినవాడు ఈ చుట్టుపక్కల లేడని నాకు బాగా పొగరు ఉండేది. ఉంటే ఉండనీండి, కుట్టు అలాగే ఉండేది మరి!

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో పట్నం నుంచి ఒక సంస్థ వాళ్లు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. ఎవరెవరో దానమిచ్చిన పాత కంప్యూటర్లు పల్లె బళ్లలో పాడైపోయి మూలన పడి ఉన్నాయట. కాలిస్తే విషపు పొగ, పారేస్తే నేలకు చేటు. భద్రంగా కట్టి పోస్టులో పంపితే, వాటిని పగలగొట్టి, రాగి, ఇనుము, ప్లాస్టిక్ వేరు చేసి మళ్లీ వాడుకకు తెస్తామన్నారు. మంచి పని. ఇప్పటికీ మంచి పనే అంటాను. కట్టి పంపే మనిషిని నేను. మోపెడ్ మీద గుడ్డ, దారం, సూది వేసుకుని శిరివెళ్ల వైపు పల్లెలు, నల్లమల అంచు గూడేలు తిరిగేవాణ్ణి.

అలా వెళ్లిన ఒక చెంచు గూడెంలో గురవమ్మ ఉంది. బళ్లో పిల్లలకు అన్నం వండేది. ఎండుపుల్లలాంటి మనిషి, నోరు మాత్రం ఊరంత. నన్ను చూసిన మొదటి నిమిషంలోనే, "ఏందప్పా, నీ సొక్కాకే గుండీ లేదు, నువ్వేం దర్జీవి?" అంది. నాకు కోపం రావాలి. రాలేదు. నవ్వొచ్చింది.

కంప్యూటర్ కథ ఆమే చెప్పింది. అది పనిచేసే రోజుల్లో అప్పటి పంతులు పిల్లల పాటలు అందులోకి ఎక్కించేవాడట. ఒకరోజు మైకు ముందు పిల్లలు పాడుతుంటే, గురవమ్మ పొయ్యి సంగతి మర్చిపోయి అక్కడే కూర్చుండిపోయింది. ఆమె మొగుడు అంకన్న తేనెకు పోయి వచ్చి, ఇంట్లో కూడు లేక, బడి గుమ్మంలో నిలబడి తిట్టాడు. "ఏం మే, ఈ పెట్టె ముందర కూకోని ఏం సూస్తాండావ్? ఇంటికాడ పొయ్యి ఎవురు ముట్టిస్తారు?" ఆ తిట్టు కూడా కంప్యూటర్లోకి ఎక్కింది. గూడెమంతా అది పెట్టించుకుని విని నవ్వేవాళ్లు. మరుసటి ఏడు కొండచరియ మీద నుంచి జారి అంకన్న పోయాడు. ఆ తర్వాత గురవమ్మ రోజూ అంట్లు తోమేసి వచ్చి, ఒక్కసారి ఆ తిట్టు విని ఇంటికి పోయేది. కొన్నాళ్లకు కంప్యూటర్ ఆగిపోయింది. ఆ పంతులు బదిలీ మీద వెళ్లాడు. కొత్తాయన నాతో, "తీసుకుపోవయ్యా, మూల ఖాళీ అవుతుంది" అన్నాడు.

నేను పెట్టెకు గుడ్డ బిగిస్తుంటే గురవమ్మ వచ్చి అంచు గట్టిగా పట్టుకుంది, నాకు కుట్టడానికి వీలుగా.

"యాడికి తీస్కపోతాండావప్పా?"

"పట్నానికమ్మా."

"బాగు సేసి పంపిస్తారా?"

ఈ సీమలో ఎవరైనా అలాగే అడుగుతారు. బోరు మోటారు కాలిపోతే నంద్యాలకు పోతుంది, వైండింగ్ చేయించుకుని తిరిగొస్తుంది. ఇంజను పోతుంది, వస్తుంది. ఊరు దాటి పోయిన వస్తువు బాగుపడి తిరిగి రావడమే మాకు తెలుసు. పగలగొట్టించుకోవడానికి పోస్టు ఖర్చు పెట్టి పంపుతారని ఎవరు మాత్రం అనుకుంటారు? నిజం చెప్పడానికి నోరు తెరిచాను. పోస్టాఫీసు కిటికీ మూసే వేళ దగ్గరపడుతోంది. చెబితే ఆమె గుడ్డ వదిలేస్తుంది, పెట్టె వదలదు.

"ఆఁ, పంపిస్తారు."

"ఎన్నాళ్లు పడ్తాది?"

"మోటరు కన్నా రోంత ఎక్కువ పడ్తాదిలేమ్మా."

"అయితే నా పేరు రాయి. వేరే ఊరికి పోతే యాడ ఎతుక్కునేది?"

పంపినవారు అనే చోట గురవమ్మ అని రాశాను. పెద్ద అక్షరాలతో, గూడెం పేరుతో సహా. ఆమె గుడ్డ మీద పసుపు రాసి బొట్టు పెట్టింది. బాగుచేసే నాయనకు ఇవ్వమని ఒక సీసా తేనె నా చేతిలో పెట్టింది.

ఆ రోజు పోస్టాఫీసు అందలేదు. తర్వాత రెండు రోజులు సెలవు. ముద్రలు వేసేసి పార్సిల్ నా ఇంట్లోనే పెట్టుకున్నాను. ఆ మధ్యలో దారాలకని నంద్యాల వెళ్లాను. దారాల కొట్టు పక్కనే కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడి అంగడి. ఊరికే అడిగాను. పెట్టె ఆగిపోయినా లోపల గొంతు దాచిన డిస్కు బతికే ఉండొచ్చన్నాడు. నాలుగు స్క్రూలు విప్పి అది తెచ్చిస్తే, గొంతు తీసి ఇవ్వడానికి చూస్తానన్నాడు. తిరిగొచ్చే బస్సులో నాకెంత సంతోషమో! గురవమ్మ మొహం ఎలా వెలుగుతుందో తలుచుకుంటూ వచ్చాను.

ఇంటికొచ్చి పార్సిల్ ముందు కూర్చున్నాను, కత్తెర చేతిలో పట్టుకుని.

ఆ కుట్టు ఎంత బాగా వచ్చిందో! ఒక్క పోగు వంకర లేదు. లక్క ముద్రలు వరసగా కూర్చున్నాయి. విప్పితే గుడ్డ మళ్లీ బిగించాలి, మళ్లీ కుట్టాలి, మళ్లీ లక్క కరిగించాలి. అరపూట పని. పెళ్లిళ్ల కాలం, జాకెట్లు గుట్టగా పడి ఉన్నాయి. రేపు చూద్దామనుకున్నాను. మర్నాడు పొద్దున పోస్టాఫీసు తెరవగానే తీసుకెళ్లి కిటికీలో పెట్టేశాను. ఎందుకు పెట్టాను? జాకెట్ల కోసమా? నా కుట్టు నాకే ముద్దొచ్చినందుకా? ఎన్నిసార్లు అడుక్కున్నా రెండూ నిజమేననిపిస్తుంది. రెండిట్లో ఏదీ ఒక మనిషి గొంతుకు సరితూగదు.

తేనె మేమే తిన్నాం. నా కూతుళ్లు రొట్టెలకు అద్దుకుని తిని వేళ్లు నాకారు.

ఆ తర్వాత అటు ఎప్పుడు వెళ్లినా గురవమ్మ అడిగేది. నేను అబద్ధం మీద అబద్ధం కుట్టుకుంటూ పోయాను. విప్పి చూశారన్నాను. సామాను దొరకలేదన్నాను. తేనె బాగుందని బాగుచేసే ఆయన మెచ్చుకున్నాడన్నాను, సిగ్గులేకుండా. ఆ లేని మనిషికి పిల్లలెందరని అడిగింది. ఇద్దరు ఆడపిల్లలన్నాను, నోటికి నా పిల్లలే వచ్చారు. అప్పట్నుంచి ఆ పిల్లలకని చింతపండు, కుంకుడుకాయలు, మళ్లీ తేనె. "సల్లగుండల్ల ఆ బిడ్డలు" అనేది. ఎవరికి తగిలాయో ఆ దీవెనలు! నా పిల్లలకే తగిలి ఉంటాయి. వాళ్లు బాగున్నారు. అది తలుచుకుంటే ఇంకా తలకొట్టేసినట్టవుతుంది. నాకు మాత్రం వెళ్లిన ప్రతిసారీ కూర్చోబెట్టి అన్నం పెట్టేది. తినేవాణ్ణి. గుండీ లేని చొక్కా గురించి మళ్లీ ఎగతాళి చేసేది. ఆమె అంటే నాకు నిజంగా ఇష్టం. నమ్ముతారా? ఇష్టం కాబట్టే చెప్పలేకపోయాననుకునేవాణ్ణి. పిరికితనానికి ఎంత మంచి పేరు పెట్టుకున్నానో చూడండి.

చివరిసారి వెళ్లినప్పుడు ఆమె ఎగతాళి చేయలేదు. పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఆ మనిషి గొంతు మర్సిపోతాండానప్పా. తిట్టిన మాటలు మతికున్నాయి, గొంతు రాలే. అది బాగై వచ్చేలోపల నాకు పూర్తిగా పోతే, ఇదే అంకన్న గొంతని నువ్వు సెప్పల్ల. నువ్వు సెప్తే నమ్ముతా."

అంకన్న గొంతు నేను ఒక్కసారైనా వినలేదు. సరేనని తలూపాను.

మళ్లీ ఆ గూడేనికి వెళ్లలేదు. నడుంనొప్పని చెప్పి పట్నం వాళ్ల పని మానుకున్నాను. రెండేళ్ల తర్వాత సంతలో ఆ గూడెం మనిషి కనబడి, జ్వరమొచ్చి గురవమ్మ పోయిందన్నాడు. తన తర్వాత వంటకు వచ్చినామెకు ఒక మాట చెప్పి పోయిందట, ఆళ్లగడ్డ దర్జీ వస్తే ఆకలితో పంపొద్దని.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించే హక్కు మీది కాదు. ఆమెకు చెప్పాల్సిన మాట ఒక్కసారైనా, ఆమె పేరు పెట్టి, పూర్తిగా చెప్పాలని ఇదంతా రాశాను. చెప్పేస్తున్నాను.

గురవమ్మా, అది రాదు. పగలగొట్టనీకే పంపినాను, నాకు ఆ పొద్దే తెలుసు. అంకన్న గొంతు మూడు దినాలు నా ఇంట్లో ఉన్నింది. తీసియ్యొచ్చని తెలిసి కూడా నేను తీయలేదు.