పోటు వేళకి ఐసు

ఈరోజు గిలకలదిండి రేవులోని మా ఆఫీసు టెలిప్రింటర్ నా మాట వింది! గుడివాడ ఫ్యాక్టరీ నుంచి ఐసు తెప్పించడానికి నేనే ఒక పద్ధతి పెట్టాను. ఎన్ని ఐసు దిమ్మలో, ఎప్పటికి కావాలో ఒక్క లైను కొడితే చాలు.

పొద్దున్న ఇక్కడి చేపల వ్యాపారి ఖాదర్ గారు చెప్పినట్టే "నలభై దిమ్మలు, పోటుకి" అని కొట్టాను. "ఎన్ని గంటలకు?" అని గుడివాడ నుంచి జవాబొచ్చింది.

"పడవలు పోటు చూసుకుని వస్తాయండీ, గడియారం చూసి కాదు," అన్నారాయన చిరాగ్గా.

వెంటనే పోర్టు ఆఫీసుకి ఫోన్ చేసి, వారం రోజుల పోటు వేళలు కనుక్కుని గుడివాడకి పంపాను. మధ్యాహ్నం మళ్ళీ అదే లైను కొట్టాను. "రేపు పొద్దున్న ఆరుంబావుకల్లా లారీ రేవులో ఉంటుంది!" అని జవాబొచ్చింది.

"గుడివాడకి సముద్రం తెచ్చేశారండీ!" అన్నారు ఖాదర్ గారు.

నేనేమో ఇన్నాళ్ళూ ఆయనకి గడియారం నేర్పాలని చూశాను, గుడివాడకి పోటు నేర్పొచ్చని తట్టనే లేదు. మీరైతే ఎవరికి నేర్పేవారు?